పెద్దల కీళ్లా, పిల్లల కీళ్లా, రెండూనా? రుమటాలజీ వైపు చూస్తున్న మన పీజీలకు

ఎండీ చివరి ఏడాదిలో ఉన్న జూనియర్లు తరచూ ఒకటే అడుగుతుంటారు: "సార్, రుమటాలజీ అనుకుంటున్నా. పెద్దల్ని చూడాలా, పిల్లల్ని చూడాలా, మీలాగ ఇద్దర్నీ చూడాలా?" రుమటాలజీ అంటే కీళ్ల వాతాలు, ఇమ్యూనిటీ ఒంటి మీదికే తిరగబడే జబ్బులు చూసే వైద్యం. నా జవాబు ముందే చెప్పేస్తాను. హైదరాబాద్‌లో ఉండిపోయేవాళ్లు రెండింట్లో ఒకటి ఎంచుకుని అందులోనే లోతుకు వెళ్లండి. హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల లాంటి చోట బోర్డు పెట్టేవాళ్లు ఇద్దర్నీ చూడటానికి సిద్ధపడండి, ఎందుకంటే మీరు చూడనంటే ఆ పిల్లల్ని చూసేవాళ్లు ఇక్కడ దొరకడం కష్టం. అయితే పెద్దలకు రాసే గోలీని సగం చేసి పిల్లలకు రాస్తే సరిపోతుందనుకునేవాళ్లు మాత్రం పెద్దల దగ్గరే ఆగిపోండి.

ముందు చదువు లెక్క చూద్దాం. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు, ఎండీ మూడు, ఆపైన సూపర్ స్పెషాలిటీ డిగ్రీ డీఎం మూడు. మొత్తం పదకొండున్నరేళ్లు, ఎంట్రన్సుల కోసం ఇంట్లో కూర్చునే కాలం అదనం. పెద్దల దారి సూటిగా ఉంటుంది: జనరల్ మెడిసిన్ ఎండీ, డీఎం ఎంట్రన్స్ అయిన నీట్ ఎస్‌ఎస్, ఆపైన క్లినికల్ ఇమ్యునాలజీ, రుమటాలజీలో డీఎం. మన నిమ్స్‌లో ఉంది. లక్నో ఎస్‌జీపీజీఐ, వెల్లూరు సీఎంసీ, పుదుచ్చేరి జిప్‌మర్‌లలోనూ ఉంది. పిల్లల దారి ఇరుకు. పీడియాట్రిక్స్ ఎండీ తర్వాత పిల్లల ఇమ్యునాలజీ, రుమటాలజీకే ప్రత్యేకమైన డీఎం చండీగఢ్ పీజీఐలో ఉంది కానీ అలాంటి సీట్లు దేశంలో చాలా తక్కువ. అందుకే పిల్లల డాక్టర్లు చాలామంది ఏదైనా పెద్ద సెంటర్‌లో ఫెలోషిప్ చేసి ఈ పనిలోకి వస్తారు. ఏ ఎండీ వాళ్లు ఏ డీఎంకు అర్హులన్న రూల్స్ మారుతుంటాయి. సీనియర్ చెప్పాడని నమ్మకుండా ఆ ఏటి నీట్ ఎస్‌ఎస్ బులెటిన్ మీరే చదువుకోండి.

ఇద్దర్నీ చూసే దారికి ఇక్కడ ప్రత్యేకంగా కోర్సు లేదు. అమెరికాలో మెడ్-పీడ్స్ అని పెద్దల వైద్యం, పిల్లల వైద్యం కలిపిన నాలుగేళ్ల రెసిడెన్సీ ఉంది. అది చేసినవాళ్లు తర్వాత రెండు రకాల రుమటాలజీ ట్రైనింగూ కలిపి పూర్తిచేసి, రెండు బోర్డు పరీక్షలూ రాస్తారు. అమెరికాలో డాక్టర్‌గా పనిచేయడానికి రాసే యూఎస్ఎంఎల్ఈ పరీక్ష రాద్దామని ఇప్పటికే నిర్ణయించుకున్నవాళ్లు, మన కాకతీయ మెడికల్ కాలేజీలో ఏటా కొందరుంటారు, ఆ దారి గురించి తప్పకుండా తెలుసుకోవాలి. ఇక్కడే ఉండేవాళ్లకు మాత్రం ఒక డిగ్రీ చేతికొస్తుంది, రెండో విద్య వార్డులో నిలబడి సంపాదించుకోవాలి. ఆ డిగ్రీ జనరల్ మెడిసిన్ మీదుగా వస్తే మేలని నా అభిప్రాయం. రేపు మీ ఓపీలో వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెద్దలే. వాళ్లకు షుగర్, బీపీ, గుండె, గర్భం అన్నీ ఉంటాయి. అలాగని పీడియాట్రిక్స్ సీటు వచ్చినవాళ్లు దాన్ని వదిలేసి మెడిసిన్ కోసం ఇంకో ఏడాది పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

పెద్దల ఓపీ ఎలా ఉంటుంది

పెద్దల ఓపీలో ఎక్కువగా కనిపించేది కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. నూటికి ఒకరికన్నా కొంచెం తక్కువ మందిలో ఉంటుంది, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండుమూడు రెట్లు ఎక్కువ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చే ఆడవాళ్లలో బీడీలు చేసేవాళ్లు చాలామందే ఉంటారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. ఆకు చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం అంతా వేళ్ల మొదటి, మధ్య కణుపుల పనే. ఈ జబ్బు ముందుగా పట్టుకునేదీ ఆ కణుపులనే. "పొద్దుగాల లేస్తే వేళ్లు మడతపడ్తలేవు సారూ, ఎండొచ్చేదాంక దారం కట్టరాదు" అని ఆమె అన్నదంటే మీ పుస్తకంలోని మార్నింగ్ స్టిఫ్‌నెస్ అదే, గంటకు పైమాటే. జబ్బు తీవ్రత తెలియడానికి ఇరవై ఎనిమిది కీళ్లు నొక్కి చూసి వేసే డాస్-28 స్కోరు మీరు ఎలాగూ వేస్తారు. దానికంటే ముందు ఆమె లెక్క అడగండి. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని కడతారు కాబట్టి రోజుకు ఎన్ని చేస్తుందో ఆమెకు కచ్చితంగా తెలుసు. పోయిన నెల అయిదొందలు దాటని మనిషి ఈ నెల ఎనిమిదొందలు చేస్తుందంటే మందు పనిచేస్తున్నట్టే.

కీళ్లవాతానికి ముఖ్యంగా ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకునే మందు. రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. చీటీలో "వారానికి ఒకసారి" అని రాసి వదిలేయకండి. వాళ్ల ఊళ్లో అంగడి ఏ రోజో అడిగి ఆ రోజు పేరే రాయండి, అది మరిచిపోరు. ఇలాంటి చిన్న చిన్న జాగ్రత్తలు మీకు విసుగు పుట్టిస్తే రుమటాలజీ మీకు పడదు. ఇక్కడ ఒక్కసారి ఆపరేషన్ చేసి పంపించేయడం ఉండదు, అదే మనిషి అదే ఫైలుతో ఏళ్ల తరబడి వస్తూనే ఉంటుంది.

మీ దగ్గరికి వచ్చేసరికే చాలామంది ఆర్‌ఎంపీ దగ్గర సూదులు, పేరు లేని పొట్లాల్లో పొడులు వాడి ఉంటారు. ముఖం గుండ్రంగా ఉబ్బి, చర్మం పల్చబడి, కొత్తగా షుగర్ బయటపడిందంటే ఆ పొట్లంలో స్టెరాయిడ్ ఉందని అనుమానించండి. దాన్ని ఒక్కసారిగా ఆపేయించడం ఇంకా ప్రమాదం. మెల్లగా దించాలి, దించుతున్నంతకాలం ఆమె తిట్లు పడాలి.

మిగతావి త్వరగా చెప్తాను. దసరా వెళ్లిన వారంలో గౌట్ కేసులు వస్తాయి, మాంసం, తాగుడు రెండూ ఎక్కువై బొటనవేలు ఎర్రగా వాచి వస్తారు. పాతికేళ్ల కుర్రాళ్లకు పొద్దున్నే నడుము పట్టేసి, నడిస్తే వదులవుతుంది. అది వెన్ను కీళ్ల వాతం, వాళ్లేమో డిస్క్ అనుకుని ఎమ్మారై ఫైళ్లు మోసుకుంటూ తిరుగుతుంటారు. రామగుండం, భూపాలపల్లి వైపు గని కార్మికుడికి కీళ్లవాతం ఉంటే ఛాతీ ఎక్స్‌రే తప్పక చూడండి. బొగ్గు దుమ్ము పట్టిన ఊపిరితిత్తుల్లో కీళ్లవాతం ఉన్నవాళ్లకు గుండ్రటి గడ్డలు వస్తాయని 1953లోనే కాప్లాన్ అనే డాక్టర్ వేల్స్ గని కార్మికుల్లో చూసి రాశాడు. మన దగ్గర వాటిని టీబీ అనుకోవడం చాలా తేలిక. అసలు టీబీ కూడా ఉండొచ్చు, అదే చిక్కు. బయలాజిక్స్ అనే, ఇమ్యూనిటీని అణచే ఖరీదైన మందులు మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరికీ టీబీ పరీక్ష చేయించక తప్పదు.

జీవితం మాటకొస్తే పెద్దల రుమటాలజీ నెమ్మదైన ప్రాక్టీసు. రాత్రిళ్లు ఫోన్లు తక్కువ, ఎక్కువ పని ఓపీలోనే. కార్డియాలజీ వాళ్ల సంపాదనతో పోల్చుకోకుండా ఉంటే ప్రశాంతంగా బతకొచ్చు.

పిల్లలు వేరే లోకం

పదహారేళ్లలోపు మొదలై, కనీసం ఆరు వారాలు నిలిచి, వేరే కారణం ఏదీ దొరకని కీళ్లవాపును జువెనైల్ ఇడియోపథిక్ ఆర్థ్రైటిస్ అంటాం, పలకడానికి తేలిగ్గా జేఐఏ. సుమారుగా వెయ్యి మంది పిల్లల్లో ఒకరు, అంతకన్నా తక్కువ. "పిల్లలకు కీళ్లవాతమేంది?" అనే మాట తల్లిదండ్రుల నోటే కాదు, డాక్టర్ల నోట కూడా వింటారు.

తల్లి చెప్పే తీరు ఇలా ఉంటుంది: "పొద్దుగాల కుంటుతడు సారూ, పదకొండింటికల్ల గల్లీల ఉరుకుతడు. బడికి పోనీకి నకరాలు చేస్తుండని వాళ్ల టీచరంటది." ఆ పిల్లాడివి నకరాలు కావు, జేఐఏ లక్షణమే అది. ఇంకా చిన్నపిల్లలైతే నొప్పి అని చెప్పనే చెప్పరు. నడవడం మాని ఎత్తుకోమంటారు, మెట్లు దిగడానికి మొండికేస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి మోకాలు నొక్కితే మీకు దొరికేది ఏడుపు మాత్రమే. కింద కూర్చోబెట్టి బొమ్మ ఇచ్చి, లేచేటప్పుడు ఏ కాలు ముందు ఆనిస్తున్నాడో చూడాలి. పిల్లల్ని చూడటం నేర్చుకోవడమంటే ముందుగా ఈ కన్ను నేర్చుకోవడమే, దానికి నెలలు పడుతుంది.

పిల్లల కీళ్లు ఇంకా పెరుగుతుంటాయి, అసలు తేడా అక్కడే వస్తుంది. వాపున్న మోకాలు రక్తం ఎక్కువ అంది మరింత వేగంగా పెరిగి ఆ కాలు పొడవవుతుంది. దవడ కీలుకు వాపొస్తే గడ్డం చిన్నదిగా ఉండిపోతుంది. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడితే ఎత్తు ఆగిపోతుంది. అందుకే ప్రతిసారీ ఎత్తు కొలిచి గ్రోత్ చార్టు మీద చుక్క పెట్టాలి. పెద్దల డాక్టర్ ఎక్కువగా మరిచిపోయేది ఇదే. కళ్ల సంగతి ఇంకా భయపెట్టేది. ఏఎన్ఏ అనే యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ ఉన్న చిన్నపిల్లల్లో కంటి లోపల వాపు ఎరుపు లేకుండా, నొప్పి లేకుండా వస్తుంది. కన్ను బాగానే ఉందని తల్లి అంటుంది, చూపు మాత్రం లోపల పోతూ ఉంటుంది. ప్రమాదం ఎక్కువున్న పిల్లలకు మూడు నెలలకొకసారి స్లిట్ ల్యాంప్ పరీక్ష చేయించాలి. పిల్లల్ని బుజ్జగించి స్లిట్ ల్యాంప్ దగ్గర కూర్చోబెట్టగల కంటి డాక్టర్ మీ ఊళ్లో దొరక్కపోతే పిల్లల రుమటాలజీ మొదలుపెట్టకండి. నా దృష్టిలో ఇది మీ డిగ్రీకన్నా ముఖ్యం.

టెస్టుల విషయంలోనూ పెద్దల అలవాటు పనికిరాదు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే రక్తపరీక్ష జేఐఏ పిల్లల్లో చాలా కొద్దిమందికే పాజిటివ్ వస్తుంది. నెగటివ్ అని రాసిన కాగితం చూసి "వాతం లేదు, పో" అంటే ఆ పిల్లాడు ఏడాది పోగొట్టుకున్నట్టే. గొంతు ఇన్ఫెక్షన్ జాడ చూపే ఏఎస్ఓ టైటర్ దీనికి తిరగబడ్డ కథ: గొంతునొప్పి వచ్చిపోయిన ఏ పిల్లాడికైనా పెరగొచ్చు. ఆ ఒక్క కాగితం పట్టుకుని ఇరవై ఒక్క రోజులకొక పెన్సిలిన్ సూది ఏళ్లపాటు వేయించుకున్న పిల్లలు మన పల్లెల్లో ఉన్నారు. అసలైన రుమాటిక్ ఫీవర్ ఉన్నవాళ్లకు ఆ సూది గుండెను కాపాడే మందు, అందుకే ఎవరికి వేయాలో ఎవరికి మానాలో తేల్చడం మీ పనవుతుంది.

ఇంకొకటి, ఇక్కడ తప్పు జరిగితే దిద్దుకోలేం. రాత్రిళ్లు నిద్రలేపే ఎముకల నొప్పి, కీలు చూస్తే అంత వాపు లేదు, రక్తకణాలు తగ్గుతున్నాయంటే లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అని అనుమానించాలి. బోన్‌మారో చూడకుండా స్టెరాయిడ్ మొదలుపెడితే క్యాన్సర్ కొన్నాళ్లు తగ్గినట్టు నటించి మళ్లీ వస్తుంది, తర్వాతి వైద్యం కష్టమవుతుంది. ఎడతెగని జ్వరంతో వచ్చే సిస్టమిక్ జేఐఏలో ఉన్నట్టుండి ప్లేట్‌లెట్లు పడిపోయి, రక్తంలో ఫెర్రిటిన్ విపరీతంగా పెరిగి, వాపును చూపే ఈఎస్‌ఆర్ తగ్గిందనుకోండి. ఈఎస్‌ఆర్ తగ్గింది కాబట్టి నయమవుతోందని సంతోషపడే డాక్టర్ ఆ బిడ్డను పోగొట్టుకుంటాడు. అది మాక్రోఫేజ్ యాక్టివేషన్ సిండ్రోమ్, అంటే ఇమ్యూనిటీ పూర్తిగా అదుపు తప్పడం. వెంటనే ఐసీయూ ఉన్న చోటికి చేర్చాలి. అయిదేళ్లలోపు పిల్లలకు అయిదు రోజులకు మించి జ్వరం, కళ్లెర్రదనం, ఎర్రబడి పగిలిన పెదవులు ఉంటే కవసాకి జబ్బు గుర్తుకు రావాలి. మొదటి పది రోజుల్లో ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తే గుండె రక్తనాళాలు పాడయ్యే ముప్పు బాగా తగ్గుతుంది.

మందులూ అంతే. మెథోట్రెక్సేట్ డోసు పిల్లలకు ఒంటి వైశాల్యం లెక్కగట్టి ఇస్తాం. కొన్నాళ్లకు ఆ పసుపుపచ్చ గోలీ కనపడితేనే వాంతి చేసుకునే పిల్లలుంటారు, ఇంట్లో రాత్రంతా యుద్ధం. ఇమ్యూనిటీ తగ్గించే మందులున్నప్పుడు లైవ్ వ్యాక్సిన్లు ఎప్పుడు ఆపాలో అంగన్‌వాడీ టీచర్‌కు మీరే చీటీ రాసివ్వాలి. ఒక కొత్త బిడ్డను చూసే టైములో ఇద్దరు ముగ్గురు పెద్దల్ని చూసెయ్యొచ్చు, ఫీజు మాత్రం ఒక్కరిదే తీసుకుంటారు. పిల్లల్ని మాత్రమే చూస్తూ మన వైపు ప్రైవేట్‌గా నిలదొక్కుకోవడం కష్టమని నేననేది అందుకే. హైదరాబాద్‌లో పెద్ద పిల్లల హాస్పిటల్‌లో జీతం మీద చేరితే లెక్క వేరు.

ఇద్దర్నీ చూస్తే లాభం ఎక్కడ

చాలా సర్కారు దవాఖానాల్లో పన్నెండేళ్లు దాటితే పిల్లల వార్డు తీసుకోదు. పదమూడేళ్ల పిల్లాడు జనరల్ మెడిసిన్‌లో అరవై ఏళ్ల ముసలాయన పక్క మంచంలో పడుకుంటాడు. మడమ, మోకాలు, తుంటి నొప్పులతో వచ్చే ఒక రకం జేఐఏ మన దేశంలో మగపిల్లల్లో ఎక్కువ, అది మొదలయ్యేది సరిగ్గా ఆ వయసులోనే. హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువు ఉన్న ఆ పిల్లల్లో కొందరికి పెద్దయ్యాక నడుము పట్టేస్తుంది. ఇద్దర్నీ చూసే డాక్టర్ దగ్గర ఆ ఫైలు చేతులు మారదు.

తల్లీబిడ్డల మధ్య ఇంకో ముడి ఉంది. లూపస్ (ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదికే తిరగబడే జబ్బు) ఉన్న గర్భిణికి రక్తంలో యాంటీ-రో యాంటీబాడీలు ఉంటే కడుపులోని బిడ్డ గుండె లయ దెబ్బతినొచ్చు. అందుకని పద్దెనిమిదో వారం నుంచి బిడ్డ గుండెను స్కాన్‌లో చూస్తూ ఉంటారు, తల్లికి లూపస్ మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ కొనసాగిస్తారు. పుట్టాక బిడ్డ ఒంటిమీద మచ్చలొస్తే ఎవరు చూడాలన్న ప్రశ్న రాదు, మీరే చూస్తారు. మెథోట్రెక్సేట్ వేసుకునే అమ్మాయికి పెళ్లి కుదిరిందంటే గర్భానికి మూడు నెలల ముందే మందు మార్చాలని చెప్పాలి. చిన్నప్పటి నుంచి మీ దగ్గరికి వచ్చే అమ్మాయైతే ఆ మాట చెప్పడం తేలిక. కాకపోతే అమ్మను కాసేపు బయట కూర్చోమనాలి, అది మాత్రం తేలిక కాదు. పందొమ్మిదేళ్లొచ్చినా మాట్లాడేది అమ్మే. అమ్మాయి నోరు విప్పేలోగా ఓపీ టైము అయిపోతుంది.

నష్టమేంటంటే, ఇద్దర్నీ చూసేవాళ్లకు అరుదైన పిల్లల జబ్బులు ఏడాదికి ఒకటో రెండో తగులుతాయి. ఆ మాత్రానికి చెయ్యి తిరగదు. నెలల పిల్లలకు పదేపదే జ్వరాలు, మింగడం కష్టమయ్యే కండరాల జబ్బు, లొంగని కవసాకి, మాక్రోఫేజ్ సిండ్రోమ్ లాంటివి నిమ్స్‌కో, నిలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రికో పంపాల్సిందే. పంపడానికి మొహమాటపడే స్వభావం ఉంటే ఈ దారి వద్దు. ఫోన్ ఎత్తి సలహా చెప్పే పిల్లల రుమటాలజిస్ట్ ఒకరైనా మీ ఫోన్‌లో ఉండాలి.

ఊరి సంగతి కూడా తూకంలో వేయండి. ఏటూరునాగారం నుంచి హనుమకొండకే కొన్ని గంటలు పడుతుంది; అక్కణ్నుంచి హైదరాబాద్ ఇంకో నూటయాభై కిలోమీటర్లు. మంచిర్యాల, రామగుండం వాళ్లకు కాజీపేటలో రైలు దిగడం తేలిక. నెలనెలా రక్తపరీక్షలు కావాల్సిన జబ్బుకు దూరం పెరిగితే మందు ఆగిపోతుంది. కాబట్టి ఇక్కడ కూర్చుంటే పేషెంట్లకు కొదవుండదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి లాంటి చోట సర్కారు కొలువైతే కేసుల వైవిధ్యం మరెక్కడా దొరకదు కానీ ఒక్కో పేషెంటుకు దొరికేది నిమిషాలే. ప్రైవేట్‌లో టైము మీ చేతిలో ఉంటుంది, బయలాజిక్స్ ఖర్చు భరించలేని కుటుంబానికి నచ్చజెప్పే పని కూడా మీదే అవుతుంది.

డీఎం సీటు ఎంచుకునే ముందు అక్కడి రెసిడెంట్లతో మాట్లాడండి. పిల్లల రుమటాలజీ క్లినిక్ విడిగా నడుస్తుందా, పెద్దల రెసిడెంట్లను అక్కడ కూర్చోనిస్తారా, పిల్లల కీళ్లలో సూది వేయడం మీ చేత చేయిస్తారా అని అడగండి. ఈ మూడింటికీ లేదు అని వస్తే, ఎంత పేరున్న కాలేజీ అయినా సరే, డీఎం అవగానే పిల్లల సెంటర్‌లో ఆర్నెల్లు విడిగా పనిచేయాల్సి వస్తుంది. అది ఉద్యోగంలో చేరకముందే, ఇంటి లోను తీసుకోకముందే పూర్తిచేయండి. ఈఎంఐ మొదలయ్యాక ఆర్నెల్లు స్టైపెండ్ మీద బతకడానికి ఇంట్లో ఒప్పుకోరు.